వాన నీళ్ల మెట్లెక్కే ఓడలు

పనామా చూసి వచ్చిన ఒక పాఠకుడు ఈమధ్య నాకు ఉత్తరమంత పొడుగు సందేశం పంపారు. అమెరికాలో ఉంటున్న కూతురూ అల్లుడూ తీసుకెళ్లారట. పనామా నగరంలో పాత వీధులు, బంగారు బలిపీఠం ఉన్న చర్చి, అన్నీ చూశారు. కానీ ఆయన మనసు రెండు మహాసముద్రాల్ని కలిపే పనామా కాలువలోని మిరాఫ్లోరెస్ లాకుల దగ్గరే, అంటే ఓడల్ని ఎత్తి దించే నీటి తొట్ల దగ్గరే ఆగిపోయింది. ఆయనది గోదావరి డెల్టా. "చిన్నప్పుడు ధవళేశ్వరం లాకుల్లో పడవలు దిగడం చూసినవాణ్ణే. ఇక్కడ అపార్ట్‌మెంట్ అంత ఓడ కళ్లముందే పైకి లేచిందండీ. కానీ పంపు చప్పుడు ఒక్కటీ వినబడలేదు. అన్ని నీళ్లు ఎవరు తోడుతున్నారు? రెండు సముద్రాల్లో ఒకటి బాగా ఎత్తులో ఉంది కాబట్టే లాకులు కట్టారని మా మాస్టారు చెప్పారు, నిజమేనా?"

పంపు వినబడకపోవడం ఆయన చెవుల తప్పు కాదు. 1914 ఆగస్టు 15న ఆ కాలువ తెరిచినప్పటి నుంచి ఇవాళ్టి దాకా ఆ లాకుల్ని నింపుతున్నది పంపు కాదు, కేవలం నీటి పల్లం. ఆ సంగతి చెప్పేముందు మాస్టారి మాట సరిచేయాలి, ఎందుకంటే అది చాలామంది నమ్మే మాట. పసిఫిక్ వైపు సముద్రపు సగటు మట్టం కరీబియన్ వైపు కంటే ఎక్కువే, కానీ ఆ తేడా జానెడు. జానెడు తేడాకి ఎవరూ అంత కాంక్రీటు పోయరు. ఆటుపోట్ల తేడా మాత్రం పెద్దది: కరీబియన్ వైపు నీరు మీటరు కూడా కదలదు, పసిఫిక్ వైపు ఆరు మీటర్ల దాకా లేచి పడుతుంది. అందుకే మిరాఫ్లోరెస్‌లో సముద్రం వైపున్న తలుపులు మిగతా అన్నింటికంటే ఎత్తు. లాకులకు అసలు కారణం సముద్రాలు కావు, మధ్యలో ఉన్న కొండలు.

కొండను సముద్ర మట్టం దాకా తవ్వేద్దామని మొదట దిగింది ఫ్రెంచివాళ్లు. సూయజ్ కాలువ తవ్వించిన ఫెర్డినాండ్ డి లెసెప్స్ 1881లో పని మొదలుపెట్టించాడు. సూయజ్‌లో ఉన్నది ఎడారి ఇసుక. ఇక్కడ కుండపోత వానలు, ఎంత తవ్వితే అంత జారిపడే మట్టి, రాత్రికి రాత్రే పొంగే చాగ్రెస్ నది. వీటన్నిటినీ మించి జ్వరాలు. 1889లో కంపెనీ చేతులెత్తేసేసరికి సుమారు 22 వేల మంది చనిపోయారని అంచనా.

ఇక్కడ ఒక దృశ్యం నన్ను ఎప్పుడూ వదలదు. పనామా నగరంలోని ఆంకాన్ కొండ మీది ఆసుపత్రిలో మంచం కాళ్ల కింద నీళ్లు పోసిన గిన్నెలు పెట్టేవారు, రోగుల మీదికి చీమలు ఎక్కకుండా. మన ఇళ్లలో పాలగిన్నె కిందా, బెల్లం డబ్బా కిందా పళ్లెంలో నీళ్లు పోయమూ? అచ్చం అదే. ఆ గిన్నెల్లోనే దోమ పిల్లలు పెరిగాయి. కాలు విరిగి చేరినవాడు పచ్చజ్వరంతో (ఎల్లో ఫీవర్) పోయాడు. అప్పటికి జబ్బు చెడుగాలి వల్ల వస్తుందన్న నమ్మకం. మలేరియా అన్న పేరుకు అర్థమే అది. ఆ నమ్మకాన్ని పడగొట్టిన పని మన ఊళ్లోనే జరిగింది: 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో రోనాల్డ్ రాస్ ఒక అనాఫిలస్ దోమను కోసి, దాని పొట్ట గోడలో మలేరియా పరాన్నజీవిని సూక్ష్మదర్శినిలో చూశాడు. పచ్చజ్వరమూ దోమ వల్లేనని క్యూబాలో డాక్టరు కార్లోస్ ఫిన్లే చెప్పాడు, ఆ తర్వాత అమెరికా సైనిక వైద్యుడు వాల్టర్ రీడ్ బృందం తేల్చింది. 1904లో అమెరికన్లు పని చేపట్టాక వైద్యాధికారి విలియం గోర్గస్ నీటి తొట్లకు మూతలు పెట్టించాడు, నిల్వ నీటి మీద నూనె చల్లించాడు, కిటికీలకు జాలీలు బిగించాడు. 1905 చివరికి పనామా నగరంలో పచ్చజ్వరం ఆగిపోయింది. రాస్ పనిచేసిన భవనం ఉన్న బేగంపేట మీదుగా రోజూ వెళ్లే పిల్లల్లో ఎంతమందికి ఈ సంగతి తెలుసు? బడి పాఠంలో రాస్ పేరు ఒక్క మార్కు ఖాళీ పూరించడానికి మిగిలింది. ఆ దోమ పొట్టకీ పసిఫిక్ చేరే ఓడకీ ఉన్న సంబంధం చెబితే పిల్లాడు జన్మలో మరచిపోడు.

ఇక నీళ్ల దగ్గరికి వద్దాం. కొండను కిందికి దించే బదులు, నీటిని పైకి తెచ్చారు. చాగ్రెస్ నదికి గాటున్ దగ్గర ఆనకట్ట వేస్తే సముద్రానికి 26 మీటర్ల ఎత్తున సుమారు 425 చదరపు కిలోమీటర్ల చెరువు నిలబడింది. కొండల కొనలు ద్వీపాలయ్యాయి. అలా ద్వీపమైన బారో కొలరాడో మీద 1923 నుంచి శాస్త్రవేత్తలు అడవిని చదువుతూనే ఉన్నారు. ఓడ చేయాల్సిందల్లా ఒక వైపు మూడు మెట్లెక్కి ఆ చెరువులోకి చేరడం, ఈది వెళ్లి రెండో వైపు మూడు మెట్లు దిగడం. మెట్లన్నీ చెరువుకి కిందే ఉన్నాయి కాబట్టి గొట్టాల కవాటం తెరిస్తే నీరు తనంతట తానే దిగుతుంది. మన మేడ మీది ట్యాంకు నుంచి కుళాయిలోకి దిగినట్టే. ఆ ట్యాంకులోకి నీళ్లు తోడిపెట్టేది వాన. ఆయన వెతికిన పంపు అదే, ఆకాశంలో ఉంది.

పాత లాకు తొట్టి ఒక్కోటి 305 మీటర్ల పొడవు, 33.5 మీటర్ల వెడల్పు. గోడల లోపల అయిదున్నర మీటర్ల వ్యాసమున్న సొరంగాలు, అంటే రైలు పెట్టె సులువుగా దూరిపోయేంత. వాటి నుంచి అడ్డ గొట్టాలు తొట్టి అడుగుకి వెళ్లి, నేలలోని సుమారు వంద రంధ్రాల్లోంచి నీటిని పైకి వదులుతాయి. ఒక పక్క నుంచి వదిలితే ఓడ గోడకు గుద్దుకుంటుంది. అడుగంతా ఒకేసారి ఊరితే ఓడ ఊగకుండా లేస్తుంది. పెద్ద ఓడకీ గోడకీ మధ్య సందు మూరెడు కంటే కొంచెమే ఎక్కువ. తొట్టి నిండడానికి పట్టేది ఎనిమిది నిమిషాలు. తలుపు రెక్కల మందం రెండు మీటర్లు, బరువు వందల టన్నులు, కానీ లోపల డొల్ల. నీళ్లలో ఓడలా తేలుతుంటాయి కాబట్టి మొదట్లో 25 హార్స్‌పవర్ మోటార్లతోనే తెరుచుకునేవి. మన బోరుబావుల మోటార్లకు అయిదారు రెట్లు, అంతే. మూసినప్పుడు రెండు రెక్కలూ చెరువు వైపు కోణంగా నిలబడతాయి, ఎదురు నీరు ఎంత తోస్తే అంత బిగుస్తాయి.

ఇప్పుడు నాకు బాగా ఇష్టమైన లెక్క. చిన్న చేపల పడవ లాకెక్కడానికి ఎక్కువ నీరు కావాలా, అరవై వేల టన్నుల ఓడకా? క్లాసులో అడిగితే సగం మంది ఓడకంటారు, బరువు కదా అని. కొందరు తెలివిగా పడవకంటారు, ఓడ తొట్టిలో చోటు తినేస్తుంది కాబట్టి పోయాల్సిన నీరు తక్కువని. రెండూ తప్పే. ఓడ తొట్టిలోకి వచ్చేటప్పుడే తను పట్టేంత నీటిని వెనక్కి సముద్రంలోకి నెట్టేసి వస్తుంది. వెనక తలుపు మూశాక మట్టం ఎనిమిది మీటర్ల డెబ్బై సెంటీమీటర్లు పెరగాలనుకోండి. ఓడ నీటిలో ఎంత లోతు మునిగిందో పైకి వెళ్లినా అంతే మునిగి ఉంటుంది. అంటే నీటిలో తను చేసుకున్న గుంటను తనతోపాటే మోసుకెళ్తుంది. కాబట్టి కొత్తగా చేరాల్సిన నీరు తొట్టి వైశాల్యాన్ని పెరగాల్సిన ఎత్తుతో గుణిస్తే వచ్చేదే. ఆ లెక్కలో ఓడ లేదు. 305ని 33.5తో, దాన్ని 8.7తో గుణించండి: దాదాపు 89 వేల ఘనపు మీటర్లు, అంటే 8.9 కోట్ల లీటర్లు. 1928లో రిచర్డ్ హాలిబర్టన్ అనే సాహసికుడు ఈ కాలువను ఈది దాటాడు. అతని బరువును బట్టి సుంకం 36 సెంట్లు తీసుకున్నారు. సుంకం మనిషిని తూచింది కానీ నీరు తూచదు. తొట్టి ఒక మెట్టు ఎక్కాలంటే అది మోసేది ఓడైనా మనిషైనా ఒకే నీటి దిమ్మె కావాలి.

దిమ్మె అన్న మాట పట్టుకోండి, ఇంకో అందం కనబడుతుంది. 26 మీటర్లూ ఒకే మెట్టుగా కట్టి ఉంటే ఒక్కసారికి 26 కోట్ల లీటర్ల పైన పోయేది. మూడు మెట్లు చేస్తే? పై తొట్టి నుంచి దిగిన దిమ్మె మధ్య తొట్టిని నింపుతుంది, మధ్య తొట్టి నుంచి దిగినది కింది తొట్టిని. అదే నీరు మూడుసార్లు పనిచేసి సముద్రంలో పడుతుంది. చెరువు పోగొట్టుకునేది ఒక్క దిమ్మె, మూడో వంతు. మెట్లు ఎత్తెక్కడానికే అనుకుంటాం, నీటి పొదుపు కూడా వాటిదే. పసిఫిక్ వైపు మూడు మెట్లలో పై మెట్టైన పెడ్రో మిగెల్ దగ్గర తొమ్మిదిన్నర మీటర్ల దిమ్మె ఇంకొకటి పోతుంది. రెండూ కలిపితే ఓడ ఒక్కటి దాటడానికి 18 కోట్ల పైచిలుకు. తలుపుల మధ్య అదనపు పొడవు కూడా కలిపి కాలువవాళ్లు చెప్పే లెక్క సుమారు 20 కోట్ల లీటర్లు. మనిషికి రోజుకు 135 లీటర్లన్న మన పట్టణాల లెక్కన పదిహేను లక్షల మందికి ఒక రోజు నీళ్లు. సగం ఇటు, సగం అటు పోతుంది కాబట్టి, ఒకప్పుడు కరీబియన్‌లోనే కలిసిన చాగ్రెస్ ఇప్పుడు రెండు మహాసముద్రాల్లోనూ కలుస్తోంది.

2016 జూన్ 26న తెరిచిన కొత్త లాకులు ఇంకా పెద్దవి, 427 మీటర్ల పొడవు, 55 మీటర్ల వెడల్పు. అయినా పాతవాటికంటే ఏడు శాతం తక్కువ నీరు వాడతాయి. ఎలాగో తెలియాలంటే గ్లాసులు తీసుకోండి. తొట్టిలో దిగాల్సిన నీటిని అయిదు సమాన పొరలుగా ఊహించండి, కింది నుంచి ఒకటి, రెండు, మూడు, నాలుగు, అయిదు. తొట్టి పక్కన అంతే వైశాల్యమున్న మూడు చెరువులు, మెట్లు మెట్లుగా. అయిదో పొరను పై చెరువులోకి వదిలితే అది నాలుగో పొర ఎత్తున నిలుస్తుంది. నాలుగో పొర మధ్య చెరువులో మూడో ఎత్తున. మూడో పొర కింది చెరువులో రెండో ఎత్తున. మిగిలిన రెండు పొరలే కిందికి పోతాయి. మళ్లీ నింపేటప్పుడు తిరగేయండి: రెండో ఎత్తున దాచినది జారి ఒకటో పొరవుతుంది, మూడో ఎత్తుది రెండో పొర, నాలుగో ఎత్తుది మూడో పొర. పైనుంచి రెండు పొరలు తెచ్చుకుంటే చాలు. అయిదింటిలో మూడు, 60 శాతం మిగిలింది, ఇక్కడా పంపు లేదు. దాచిన ప్రతి పొరా రెండు మెట్లు దిగజారి తిరిగొస్తుంది, నేల ఆకర్షణకు కట్టే రుసుము అది.

ఇన్ని చేసినా వాన పడకపోతే తొట్టి నిండదు. 2023లో పసిఫిక్ నీరు వేడెక్కే ఎల్‌నినో వల్ల గాటున్ చెరువు మట్టం బాగా పడిపోయింది, రోజుకు 36 దాకా దాటే ఓడల్ని ఏడాది చివరికి 22కి కుదించారు, వందకు పైగా ఓడలు సముద్రంలో లంగరేసుకుని వంతు కోసం ఎదురుచూశాయి. పాత లాకులు జంటగా ఉంటాయి కాబట్టి దిగే తొట్టి నీటిని పక్క వరస తొట్టిలోకి మళ్లించి కొంత ఆదా చేశారు. అదే పసిఫిక్ వేడి మన మీదా పడింది: ఆ ఏడాది ఆగస్టు మన దేశంలో 1901 తర్వాత అన్ని ఆగస్టుల్లోకీ తక్కువ వాన. అలాంటి ఏడాదుల్లో మన పల్లెల్లో కప్పలకు పెళ్లి చేస్తారు. పంట ఎండుతుంటే ఏదో ఒకటి చేయాలన్న ఆ తపనను నేను తప్పుపట్టలేను. కానీ వాన ఎందుకు తగ్గిందో, పసిఫిక్ నీరు వేడెక్కితే ఏమవుతుందో చెప్పేవాళ్లు కూడా ఆ ఊళ్లో ఒకరుండాలని మాత్రం గట్టిగా కోరుకుంటాను.

ఆ చెరువు ఓడలకే కాదు, పనామా నగరానికీ కొలోన్ నగరానికీ తాగునీరు. కొత్త లాకుల్లోంచి ఉప్పునీరు పాతవాటికంటే ఎక్కువగా పైకి పాకుతోంది. పొదుపు చెరువుల్లో దాచి తిరిగి వాడే నీటిలో ఆ ఉప్పూ తిరిగొస్తుంది. ఇండియో నదికి ఇంకో ఆనకట్ట కడతామంటే మునిగిపోయే ఊళ్లవాళ్లు వద్దంటున్నారు.

ఇదంతా రాసి పంపాక ఆయన మనవడితో గ్లాసుల ప్రయోగం చేయించారట. పిల్లాడు వెంటనే అడిగాడు: "తాతయ్యా, చెరువులు మూడే ఎందుకు, పది పెడితే?" పది పెడితే పన్నెండు పొరల్లో పది మిగులుతాయి బాబూ, 83 శాతం. నాలుగు పెడితే ఆరింటిలో నాలుగు, 67. మూడు నుంచి నాలుగుకి వెళ్తే ఒక చెరువు తవ్వి ఏడు శాతం సంపాదించినట్టు, ఆ తర్వాతి చెరువుకి అయిదు కూడా రాదు. పైగా ఒక్కో చెరువూ నిండి, ఖాళీ అయ్యేదాకా ఓడ ఆగాలి. వంద పెట్టినా రెండు పొరలు పోతూనే ఉంటాయి.