తెలుగు సైట్లలో ఒత్తులు ఎందుకు తెగుతున్నాయి?

ఫోన్‌లో ఏదో ఒక తెలుగు సైటు తెరిచి శీర్షికలు చూడండి. ‘రాష్ట్రం’ అన్నచోట ట ఒత్తు సగం ఉంటుంది, క్రారవడి (ర ఒత్తు) తోక కనిపించదు. లేదంటే బోల్డులో రెండూ అతుక్కుపోయి మరకలా తేలతాయి. ఫాంటు ఎంపికను అసలు పట్టించుకోకపోవడమే దీనికి కారణం. ఆ అలవాటు ఎలా వచ్చిందో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

ప్రపంచ భాషల అక్షరాలన్నిటికీ తలా ఒక సంఖ్య ఇచ్చే పద్ధతి యూనికోడ్. 1991లో వచ్చిన దాని తొలి వెర్షన్‌లోనే తెలుగు ఉంది. కానీ ఒత్తులూ గుణింతాలూ కలిపి చూపించే శక్తి అప్పటి కంప్యూటర్లకు లేదు. అందుకని పత్రికల సైట్లు ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు ముక్కలు (ఒక చోట తలకట్టు, ఒక చోట ఒత్తు) పేర్చిన సొంత ఫాంట్లు వాడుకున్నాయి. పేజీలో వెళ్లేది ఇంగ్లీషు సంకేతాలే. ఫాంటు వాటికి తెలుగు తొడుగు వేసేది. ఫాంటు దిగలేదో, తెరనిండా పిచ్చి గీతలే. ఒక సైటు ఫాంటు ఇంకో సైటుకు పనికొచ్చేది కాదు.

ఫాంటును పేజీతోపాటే పంపే ఏర్పాటూ జరిగింది, బ్రౌజర్‌కో రకం ఫాంటు ఫైలుతో: ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌కు ఈఓటీ, నెట్‌స్కేప్‌కు పీఎఫ్‌ఆర్. ఈఓటీని ఫలానా డొమైన్‌కే కట్టేయవచ్చు. అలా కట్టిన పేజీని సేవ్ చేసుకుని ఇంట్లో తెరిస్తే మళ్లీ గీతలే. వెతుకులాటకు ఆ వార్తలేవీ దొరికేవి కావు. ఆ రాతల్ని యూనికోడ్‌లోకి మార్చి చూపించడానికే ఫైర్‌ఫాక్స్‌లో ‘పద్మ’ అనే పొడిగింపు పుట్టింది. డీటీపీలో (అచ్చు పేజీల తయారీలో) ‘అను’ అనే పాత తరహా ఫాంట్లతో కొట్టిన మ్యాటర్‌ను నేరుగా సైటులో అతికిస్తే ఈనాటికీ అదే గతి.

2001లో విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఫాంటు వచ్చింది. తర్వాత విండోస్ 7లో వాణి, విండోస్ 8లో నిర్మల యూఐ. బ్రౌజర్లు కూడా ఫాంటును సర్వర్ నుంచి తెచ్చుకోవడం మళ్లీ మొదలుపెట్టాయి. ఫైర్‌ఫాక్స్ ఆ పని చేసింది 2009లో, 3.5 వెర్షన్‌తో. 2013లో సిలికానాంధ్ర అనే తెలుగు సంస్థ ‘మండలి’, ‘రామభద్ర’ వంటి ఫాంట్లను స్వేచ్ఛా లైసెన్సుతో అందించింది.

చిక్కు ఇక్కడే మొదలైంది. ఏ ఫాంటూ పెట్టకపోయినా అక్షరాలు కనిపిస్తున్నాయి కదా, ఇక దాని సంగతి ఎవరు చూస్తారు? డిజైనర్ ‘రోబోటో’ అని ఒక ఫాంటు పేరు రాసి వదిలేస్తాడు. రోబోటోలో తెలుగే లేదు. దాంతో విండోస్ నిర్మలను, ఆండ్రాయిడ్ నోటోను, ఐఫోన్ కోహినూర్ తెలుగును తెచ్చుకుంటాయి. ఒకే పేజీ, మూడు రకాల ఎత్తులు. రోబోటోకు సరిపోయిన 1.2 లైన్-హైట్ (అక్షరం సైజుకు ఇన్ని రెట్లని చెప్పే వరుస ఎత్తు)‌లో తెలుగు ఒత్తులు ఇమడవు. పైగా శీర్షిక పెట్టెకు ‘ఓవర్‌ఫ్లో: హిడెన్’ (పెట్టె దాటింది దాచెయ్యి అనే ఆదేశం) ఉంటే కింది భాగం కోసేసినట్టే పోతుంది.

కాబట్టి తెలుగు ఫాంటును పేరుపెట్టి చెప్పాలి. పేజీకి ‘టీఈ’ భాషా సంకేతం ఇవ్వాలి. వ్యాసానికి 18 పిక్సెళ్లు, లైన్-హైట్ 1.7 దగ్గర మొదలుపెట్టి చూడండి, శీర్షికకైనా 1.4 కంటే తగ్గించకపోవడం మేలు. కింద నాలుగైదు పిక్సెళ్ల ప్యాడింగ్ (ఖాళీ జాగా) ఇస్తే క్రారవడి బతుకుతుంది.

బోల్డు సంగతి వేరు. మండలి ఫాంటుకు ఒకటే మందం, 400 (మామూలు మందం; బోల్డు అంటే 700). దానికి 700 అడిగితే బ్రౌజర్ గీతల్ని తనే లావు చేస్తుంది, ఒత్తుల కడుపులు పూడిపోతాయి. ‘ఫాంట్-సింథసిస్: నన్’ అని రాస్తే ఆ దొంగ బోల్డు ఆగుతుంది. నిజమైన బోల్డు కావాలంటే నోటో శాన్స్ తెలుగు (100 నుంచి 900 వరకు), అనెక్ తెలుగు (100 నుంచి 800 వరకు) ఉన్నాయి. రామభద్ర పుట్టుకతోనే లావు. శీర్షికకు బాగుంటుంది, పేరాకు వద్దు.

పేజీ త్వరగా తెరుచుకోవాలని ఫాంటు ఫైలు సైజు తగ్గించేటప్పుడు ఇంకో ప్రమాదం ఉంది. ఒత్తులకు విడిగా యూనికోడ్ సంఖ్యలు లేవు. ‘రాష్ట్రం’ అంటే ర, దీర్ఘం, ష, పొల్లు, ట, పొల్లు, ర, సున్న: మొత్తం 8 సంకేతాలు. వీటిని ఒత్తులుగా మలిచేది ఫాంటులోని జీసబ్ పట్టిక (ఏ అక్షరాల వరుసకు ఏ రూపం వేయాలో చెప్పే జాబితా). సంఖ్య ఉన్న రూపాలనే ఉంచి మిగతావి పారేసే పరికరం వాడితే తెరమీద ‘రాష్‌ట్‌రం’ అని వస్తుంది. అందుకే కుదించిన ఫైలును సైటుకు ఎక్కించేముందు ఇరుకు కాలమ్‌లో పై వరుసన ‘రాష్ట్రం’, కింది వరుసన ‘శ్రీశ్రీ’ పెట్టి చూడాలి. పైవాడి ఒత్తు కిందివాడి గుడిదీర్ఘానికి తగిలితే లైన్-హైట్ ఇంకా చాలలేదన్నమాట.