"సరే సార్" అన్నాక ఇంకో మాట

చిరంజీవులకు ఆశీస్సులు.

మీలో కొందరు ఈ మధ్యే ఉద్యోగాల్లో చేరారు, ఇంకొందరు చేరబోతున్నారు. పని ఎలా చేయాలో మీకు చెప్పే తెలివి నాకు లేదు. కంప్యూటర్ ముందు కూర్చుంటే మీరే నాకు నేర్పాలి. కానీ నోటితో చెప్పిన పనిని చెవితో వినడంలో నేను బాగా దెబ్బతిన్నాను. ఆ సంగతి చెప్తాను.

కొత్తగా చేరిన రోజుల్లో మా పైఅధికారి హడావిడిగా వెళ్తూ, తలుపు దగ్గర్నుంచే "ఆ బీరువాలో పాత కాయితాలన్నీ తీసెయ్యమ్మా" అన్నారు. "సరే సార్" అన్నాను. సాయంత్రానికల్లా అన్నీ చించి చెత్తబుట్టలో వేశాను. ఆయన అనుకున్నది వేరు. బయటికి తీసి బల్ల మీద పెడితే మర్నాడు చూసి సర్దుదామని. "తీసెయ్" అంటే రెండూ అవుతాయి కదా! తిట్లన్నీ నాకే పడ్డాయి. సగం ఆయనకూ రావాలని ఇప్పటికీ నా వాదన.

"చించి పారేయనా సార్?" అని అప్పుడే అనుంటే ఆయన తలుపు దగ్గరే ఆగిపోయేవారు.

"సరే" మాటతో వచ్చే చిక్కే అది. విన్నాను అన్నా సరే, అర్థమైంది అన్నా సరే, ఇక నన్ను వదిలెయ్యండి అన్నా సరే. ఆ చిక్కు ఎంతదాకా పోతుందో చూడండి. 1977 మార్చి 27న స్పెయిన్‌కు చెందిన టెనెరిఫ్ దీవి విమానాశ్రయంలో దట్టమైన పొగమంచు. రన్‌వే మీద ఉన్న ఒక విమానం నుంచి కోపైలట్ తాము టేకాఫ్ దగ్గర ఉన్నామని అర్థం వచ్చేలా ఏదో అన్నాడు. కింద నుంచి విమానాలకు అనుమతులిచ్చే కంట్రోలర్ "ఓకే" అన్నాడు. ఆగండి, నేను పిలుస్తాను అని కూడా అన్నాడు గానీ, అదే క్షణంలో రెండో విమానం వాళ్లు రేడియోలో మాట్లాడటంతో ఆ ముక్క గరగరలో కలిసిపోయింది. మొదటి విమానం వాళ్లకు తెలిసేలా వినిపించింది "ఓకే" ఒక్కటే. ఆగకుండా ముందుకెళ్లి, అదే రన్‌వే మీద ఎదురుగా ఉన్న రెండో విమానాన్ని గుద్దేశారు. 583 మంది పోయారు. కారణాలు ఇంకా ఉన్నాయి, కానీ ఆ తర్వాత రేడియోలో మాట్లాడే పద్ధతే మారింది. బయల్దేరడానికి అనుమతి ఇచ్చేటప్పుడో, దాన్ని రద్దు చేసేటప్పుడో తప్ప "టేకాఫ్" అనే మాట వాడకూడదు. ముఖ్యమైన ఆదేశానికి ఉత్త "ఓకే" చాలదు, విన్నది తిరిగి చెప్పాలి. ఫోన్‌లో డాక్టరు చెప్పిన మందును నర్సు రాసుకుని, తిరిగి చదివి వినిపించేదీ ఇందుకే.

అంకెలతో మరీ జాగ్రత్త. చప్పుడులో ఇరవై, అరవై ఒకేలా వినిపిస్తాయి. యాభై, ఎనభై కూడా. "ఆరు, సున్నా" అని విడదీసి చెప్పండి. రేడియోలో పైలట్లు తొమ్మిదిని "నైనర్" అని సాగదీసి పలికేది కూడా ఇలాంటి గందరగోళం రాకూడదనే.

రేపు మీరే పని చెప్పే స్థానంలోకి వస్తారు. అప్పుడు "అది కొంచెం చూడు", "త్వరగా కానియ్" అనకండి. ఏ పని, ఎవరు, ఎప్పటికి అన్నది విడమర్చి చెప్పండి. ఇద్దరు నిలబడి ఉంటే పేరు పెట్టి చెప్పండి, లేకపోతే నువ్వు చేస్తావని అతను, అతను చేస్తాడని నువ్వు. నాలుగు పనులు దాటితే కాయితం మీద పెట్టండి. చివర్లో "అర్థమైందా?" అని అడగటం దండగ, ఎవరైనా "ఆఁ" అనే అంటారు. "నేను సరిగ్గా చెప్పానో లేదో, ఒకసారి నువ్వు చెప్పు" అనండి. పరీక్ష పెట్టినట్టు ఉండదు.

తిరిగి చెప్తే కొందరు పెద్దలు చిరాకు పడతారు, నిజమే. "చెప్పాను కదా" అంటారు. మీకు టెన్షన్‌గా ఉంటుంది. అయినా చెప్పండి. మా పైఅధికారి కూడా మొదట్లో మొహం చిట్లించేవారు. ఏడాది తిరిగేసరికి, నేను తిరిగి చెప్పేదాకా తలుపు దగ్గరే నిలబడేవారు.

ఇట్లు,
మీ పెద్దమ్మ