వృధా కాదు, వృథా: ఒక ప్రూఫ్ రీడర్ గోడు

నిన్న మళ్లీ అదే ఫోన్. "సార్, మా కాలనీ వాటర్ ట్యాంకు మీద 'నీటిని వృధా చేయకండి' అని రాయించాం. తప్పంటున్నారు. పెయింటంతా మళ్లీ వేయించాలా?"

అపోహ: థ అయినా ధ అయినా ఒకటే, పలికేది ఒకేలా కదా!

వాస్తవం: ఒకటి కాదు. 'వృథా' సంస్కృత అవ్యయం, అంటే విభక్తి, వచనాలతో రూపం మారని మాట. నిష్ఫలంగా అని అర్థం. ధ పెట్టారంటే మాట 'వృధ్' ధాతువు వైపు జారిపోతుంది. దానికి అర్థం పెరగడం. వృద్ధి, వర్ధనం అందులోంచి వచ్చినవే. అంటే పారబోయొద్దని చెబుతూ పెరుగుదలను గుర్తుచేసే అక్షరం రాస్తున్నాం. కథని కూడా కధ అనే పలికే నోళ్లు మనవి, తప్పు అక్కడే మొదలవుతుంది. పైగా ఈ రెండక్షరాలకీ తేడా పొట్టలో చుక్క ఒక్కటే. చిన్న సైజు అచ్చులో అదీ పూడిపోతుంది. ఎవరో 'రెండూ కరెక్టే' అని ఫార్వర్డ్ చేస్తారు, ఇక దానికి అడ్డేముంది! 'వ్యర్థం'దీ ఇదే గతి. అది వి + అర్థం. ధ పెడితే అర్ధం, అంటే సగం.

డీఎస్సీకి చదువుతున్న ఒకమ్మాయి రాత్రి పదకొండింటికి మెసేజ్ పెట్టింది, ఇన్నాళ్లూ ధతోనే రాశానని. టెన్షన్ పడకు తల్లీ. కథ, పథకం, వృథా, వ్యర్థం నాలుగూ పదేసి సార్లు రాయి, చెయ్యే నేర్చుకుంటుంది.

అపోహ: అవ్యయానికి 'గా' చేర్చకూడదు.

వాస్తవం: సంస్కృతంలో అక్కర్లేదు. తెలుగులో 'వృథాగా' భేషుగ్గా ఉంది.

అపోహ: 'ఊరికే' పల్లెటూరి మాట, రాతలో 'వృథాగా' అని మార్చాలి.

వాస్తవం: ఉద్యోగంలో చేరిన కొత్తలో నేనూ మార్చాను. ఒక పెద్దావిడ "అల్లుడు ఊరికే వచ్చాడు" అంటే "వృథాగా వచ్చాడు" అని దిద్దాను. మా ఎడిటర్ కళ్లజోడు తీసి, "చూసిపోదామని వచ్చిన అల్లుణ్ని ఉత్త చేతుల్తో పంపేశావేంటయ్యా?" అన్నారు. ఊరికే ఇచ్చాడంటే డబ్బు తీసుకోలేదని. ఊరికే తిట్టాడంటే కారణం లేదని. "కష్టం ఊరికే పోదు" అన్నచోటే అది వృథాకి సాటి. తమాషా ఏమిటంటే, ఋగ్వేదంలో వృథాకి కూడా 'ఇష్టం వచ్చినట్టు, అలవోకగా' అనే అర్థముంది.

అన్నట్టు, మోఘం అన్నా వృథాయే. అమోఘం అంటే వృథా పోనిది. ఇప్పుడు పులిహోర కూడా అమోఘమే, అననివ్వండి.

ట్యాంకు పెద్దమనిషికి చెప్పింది ఇంతే: పెయింట్ అక్కర్లేదండీ. నిచ్చెన వేయించి ఆ ధా పొట్టలో ఒక చుక్క పెట్టించండి.