వేడి చిప్పుది, తప్పు గేటుది

"మామయ్యా, బోర్డు చచ్చిపోయి మళ్లీ బతుకుతోంది" అన్నాడు మా మేనల్లుడు. స్కూలు ఎగ్జిబిషన్‌ కోసం అట్టతో రైల్వే గేటు చేశాడు. చెప్పినంత కోణం తిరిగి ఆగే రెండు చిన్న సర్వో మోటార్లు, వాటిని నడిపే ఒక ఆర్డుయినో ఉనో బోర్డు, పాత రౌటర్‌ తాలూకు 12 వోల్టుల అడాప్టర్. ప్లగ్గు పెట్టాక రెండు నిమిషాలు గేటు బుద్ధిగా లేచి దిగుతుంది. తర్వాత ఆకుపచ్చ లైటు ఆరిపోతుంది. కాసేపటికి దానంతటదే వెలుగుతుంది. మళ్లీ ఆరుతుంది.

అడాప్టర్ పిన్ను దూర్చే చోటికి దగ్గర్లో, వేలిగోరంత నల్ల చిప్పు ఒకటుంటుంది. దాని మీద వేలు పెడితే చుర్రుమంది. వేలు క్షణం కూడా ఆనించలేకపోతే 60 డిగ్రీలు దాటిందని మోటు లెక్క. చిప్పు పోయిందనుకుని కోఠి గుజరాతీ గల్లీలో అలాంటిదే కొనుక్కొచ్చాను. పాతది ఊడదీసి కొత్తది సోల్డర్ చేశాను. రెండు నిమిషాలు ఆడింది, మళ్లీ అదే కథ.

అప్పుడు గానీ కాగితం, మల్టీమీటర్ బయటికి తీయలేదు.

ఆ చిప్పు లీనియర్ రెగ్యులేటర్. 12 వోల్టులు తీసుకుని బోర్డుకి 5 ఇస్తుంది. మిగతా 7 ఏమవుతాయి? తిరుమల ఘాట్ రోడ్డు దిగే బస్సుకి బ్రేకులు కాలినట్టే ఇదీ. ఎంత ఎత్తు నుంచి దిగితే అంత వేడి, బండి ఎంత బరువుంటే అంత వేడి. ఇక్కడ ఎత్తు వోల్టులు, బరువు కరెంటు. అట్టగేటు బరువు మోస్తూ రెండు సర్వోలూ లాగుతున్న కరెంటు మీటర్లో 0.3 ఆంపియర్ల దగ్గర ఆడుతోంది. ఏడుని 0.3తో గుణిస్తే 2.1 వాట్లు. బోర్డు దాటి గేటుకి చేరేది ఐదు ఇంటూ 0.3, అంటే 1.5 వాట్లే. పని కంటే వేడే ఎక్కువ!

ఆ సైజు చిప్పుకి వేడి వదిలించుకోవడానికి ఉన్న దారల్లా బోర్డు మీది కాస్త రాగి పూత. ఒక్కో వాట్‌కి లోపలి ఉష్ణోగ్రత 60 డిగ్రీలు పెరిగిందనుకున్నా, మన ఎండాకాలపు 35 డిగ్రీలు కలిపితే 160 దాటుతుంది. దాని పరిమితి 150. అది దాటాక ఇంకాస్త వేడెక్కగానే చిప్పు తనను తానే ఆపేసుకుంటుంది, చల్లారాక మళ్లీ మొదలెడుతుంది. మావాడు చూసిన చావు బతుకులు అవే.

బోర్డు మీద 28 కాళ్ల పెద్ద చిప్పు, అంటే బోర్డుకి మెదడు లాంటి ఏట్‌మెగా, కాలితే మాత్రం కథ వేరు. ఏట్‌మెగా మామూలుగా తినేది 0.1 వాట్ లోపే, ముట్టుకుంటే వేడి తెలియకూడదు. అది మండుతోందంటే ఏదో కాలు షార్టయి ఉండాలి, లేదా 20 మిల్లీ ఆంపియర్లకు మించకూడని పిన్నుకి నేరుగా మోటారు తగిలించి ఉండాలి. మూడోది ల్యాచ్-అప్: పిన్ను వోల్టేజీ సప్లయ్‌ని మించినా, సున్నా వోల్టుల వైపైన గ్రౌండ్ కంటే కిందికి పోయినా, సిలికాన్‌లో అనుకోకుండా ఏర్పడ్డ రెండు ట్రాన్సిస్టర్లు ఒకదాన్నొకటి తెరిచి పట్టుకుంటాయి. సప్లయ్‌కీ గ్రౌండ్‌కీ మధ్య అడ్డదారి పడుతుంది. ప్లగ్గు తీస్తే తప్ప వదలవు. ప్లగ్గు తీసి మళ్లీ పెట్టాక చల్లగా ఉందంటే అనుమానం దీని మీదే. ఏ చిప్పు కాలుతోందో తెలియని ఇరుకు బోర్డుల మీద నేను త్వరగా ఆరిపోయే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ పలచగా పూస్తాను. ముందు ఎక్కడ ఆరితే అక్కడే వేడి. థర్మల్ కెమెరా ఉన్నవాళ్లకి ఈ బాధ లేదు.

గేటు సంగతి. సర్వోలకి 5 వోల్టుల పాత సెల్‌ఫోన్ చార్జర్ విడిగా ఇచ్చాం. దాని గ్రౌండు వైరు బోర్డు గ్రౌండుకి కలపకపోతే సిగ్నల్ అందక సర్వోలు ఇష్టమొచ్చినట్టు వణుకుతాయి, అదీ ఓసారి చూశాం. అడాప్టర్ ఒక్కటే చాలాలంటే 12 వోల్టుల్ని 5కి దించే ఎల్‌ఎం2596 మాడ్యూల్ వాడొచ్చు. అది బ్రేకు వేయదు, సెకనుకి లక్షన్నర సార్లు స్విచ్చు వేసి తీస్తూ కాయిల్‌లో శక్తి దాచి ఇస్తుంది కాబట్టి వేడి తక్కువ.

ఊడదీసిన పాత చిప్పుని తర్వాతెప్పుడో సోల్డర్ అక్కర్లేని బ్రెడ్‌బోర్డుకి తగిలించి చూశాను. 4.98 వోల్టులు ఇస్తోంది.