రివాల్వర్ మొరాయిస్తే, పిస్టల్ మొరాయిస్తే

చెన్నై శివారు ఆవడిలో స్థిరపడిన తెలుగు మాజీ సైనికుల దగ్గర చేతి తుపాకుల ప్రస్తావన వస్తే, "రివాల్వర్ మోసం చెయ్యదండీ, పిస్టల్ ఎప్పుడు మొరాయిస్తుందో ఎవరికి తెలుసు" అనే మాట ఎవరో ఒకరి నోట రాకుండా ఉండదు. ఈ అభిప్రాయంలో నిజం ఉంది, కానీ సగమే. ఒక యంత్రాన్ని నమ్మవచ్చా అని అడిగేటప్పుడు మనం తెలియకుండానే రెండు ప్రశ్నలను కలిపేస్తుంటాం: అది ఎంత తరచుగా ఆగిపోతుంది, ఆగిపోయాక మళ్లీ పనిలో పడడానికి ఎంతసేపు పడుతుంది. ఇంజనీర్లు ఈ రెండింటినీ విడివిడిగా కొలుస్తారు. చేతి తుపాకుల విషయంలో ఆ రెండు కొలతలు ఒకే ఆయుధానికి మొగ్గు చూపవు.

శామ్యూల్ కోల్ట్ 1836లో అమెరికా పేటెంటు పొందిన నాటి నుంచి నేటి వరకు దాదాపు అన్ని రివాల్వర్లలోనూ సిలిండర్‌ను, అంటే తూటాలు పెట్టే గదులున్న గుండ్రని భాగాన్ని, తిప్పే శక్తి కాల్చేవారి చేతిదే. ఇప్పటి రివాల్వర్లలో ట్రిగ్గర్ నొక్కుతుంటే లోపలి చిన్న కొక్కెం సిలిండర్‌ను ఒక గది మేర తిప్పుతుంది, మరో చిన్న భాగం గాడిలో పడి ఆ గదిని గొట్టానికి సరిగ్గా ఎదురుగా నిలబెడుతుంది, ఆ తరువాత తూటాను పేల్చే చిన్న సుత్తి, హ్యామర్, పడుతుంది. తూటా పేలకపోయినా ఈ క్రమం చెడదు; మళ్లీ నొక్కితే పక్క గది వచ్చి నిలుస్తుంది. సెమీ ఆటోమేటిక్ పిస్టల్‌లో ఈ చాకిరీ అంతా పేలిన తూటాయే చేయాలి. దాని ఎదురుదెబ్బకు స్లైడ్ అనే పైభాగం వెనక్కి వెళ్లి, పేలిన తూటా ఖాళీ తొడుగైన షెల్‌ను లాగి బయటకు విసిరి, తిరిగి స్ప్రింగ్ తోపుతో ముందుకు వస్తూ, పిడిలో అమరే తూటాల పెట్టె అయిన మ్యాగజైన్‌లోని కొత్త తూటాను గొట్టంలోకి నెట్టాలి. కరెంటు పోయినా చేతిపంపు నీళ్లిస్తుంది, మోటారు ఇవ్వదు, తేడా అలాంటిదే. తూటాలో మందు బలహీనంగా ఉన్నా, మ్యాగజైన్ అంచులు కాస్త వంగినా, చివరకు పట్టుకున్నవారి మణికట్టు సడలినా స్లైడ్ తన పూర్తి ప్రయాణం చేయదు.

మన దేశంలో దీనికి మరో చిక్కు తోడైంది. 9 ఎంఎం వంటి తూటాలు సామాన్య పౌరులకు నిషిద్ధం కావడంతో, లైసెన్సు ఉన్నవారిలో చాలామంది చేతిలో ఉండేది పాయింట్ 32 బోరు (గొట్టం వ్యాసం సుమారు 0.32 అంగుళం) ఆయుధం. ఈ బోరు పిస్టల్ తూటాకు అడుగున అంచు కొద్దిగా బయటకు పొడుచుకు వచ్చి ఉంటుంది. మ్యాగజైన్‌లో పై తూటా అంచు కింది తూటా అంచుకు ముందు వైపు ఉండాలి. వెనక్కి జారిందా, రెండూ ఒకదానికొకటి తగులుకుని, పై తూటా ముందుకు కదలదు. అదే బోరు రివాల్వర్ తూటాకు ఇంకా పెద్ద అంచే ఉన్నా, ఒక్కో తూటాకు ఒక్కో గది కాబట్టి అక్కడ ఈ బెడద లేదు.

అయితే రివాల్వర్ ఎన్నడూ ఇరుక్కోదన్నది వట్టి మాట. ఖాళీ షెల్‌లను బయటకు నెట్టే నక్షత్రం ఆకారపు పలక కింద, కాలకుండా మిగిలిన మందు రవ్వ ఒక్కటి చేరినా చాలు, ఆ పలక పూర్తిగా కూర్చోదు. అది సిలిండర్ వెనకనున్న చట్రాన్ని రాసుకోవడంతో సిలిండర్ బిగుసుకుంటుంది, కొన్నిసార్లు అసలు మూసుకోదు. తూటా తయారీలో షెల్ మూతిని గుండు చుట్టూ గట్టిగా నొక్కి బిగించకపోతే, పక్క గది పేలిన అదురుకు సీసపు గుండు షెల్ నుంచి ముందుకు జారి, సిలిండర్ తిరగకుండా అడ్డుపడుతుంది. పిస్టల్ ఇరుక్కుంటే శిక్షణ ఉన్నవారు మ్యాగజైన్‌ను కింది నుంచి తట్టి, స్లైడ్‌ను లాగి వదిలి, చాలావరకు రెండు మూడు సెకన్లలో సరిచేస్తారు. బిగుసుకున్న రివాల్వర్‌కు చాలాసార్లు బల్ల, పనిముట్లు, తీరిక కావాలి. అంటే రివాల్వర్ అరుదుగా ఆగి ఎక్కువసేపు ఆగుతుంది, పిస్టల్ కాస్త తరచుగా ఆగి త్వరగా లేస్తుంది.

ఎంత అరుదు అన్నది తేల్చడం అనుకున్నంత తేలిక కాదు. 1911 మార్చిలో అమెరికా సైన్యం జరిపిన పరీక్షలో జాన్ బ్రౌనింగ్ రూపొందించిన కోల్ట్ పిస్టల్ 6000 తూటాలు కాల్చి, ఒక్కసారి కూడా ఆగలేదని నమోదైంది. మధ్యలో దాన్ని చల్లార్చారు, శుభ్రం చేసి నూనె వేశారు అన్నది వేరే సంగతి. గణాంక శాస్త్రంలో ఇలాంటి ఫలితానికి ఒక సులువైన లెక్క ఉంది: ఏ వైఫల్యమూ లేకుండా పరీక్ష ముగిస్తే, 3ను పరీక్షల సంఖ్యతో భాగించాలి. ఆ వచ్చినదే, 95 శాతం నమ్మకంతో, వైఫల్యాల రేటుకు పై హద్దు. ఇక్కడ అది 2000 తూటాలకు ఒకటి. మరి తన రివాల్వర్‌తో 50 తూటాలు మాత్రమే కాల్చి "ఇది ఎప్పుడూ ఆగలేదు" అనే యజమానికి ఈ లెక్క ఇచ్చే హామీ ఎంత? నూటికి ఆరు సార్ల వరకు ఆగే ఆయుధం కూడా ఆ పరీక్షలో నెగ్గి ఉండవచ్చు. రివాల్వర్ ఖ్యాతిలో కొంత భాగం దాన్ని తక్కువగా కాల్చడం వల్ల వచ్చిందేనని నా అనుమానం.

1986 ఏప్రిల్ 11న మయామీలో జరిగిన ఎదురుకాల్పుల్లో ఇద్దరు ఎఫ్‌బీఐ ఏజెంట్లు మరణించాక, ఆ సంస్థ రివాల్వర్లను వదిలి పిస్టళ్ల వైపు మళ్లింది. దీన్ని పిస్టల్ నమ్మకానికి తీర్పుగా చెప్పేవారున్నారు. కానీ అక్కడ చర్చకు వచ్చింది తూటాల శక్తి, సంఖ్య, తిరిగి నింపుకునే వేగం; మొరాయింపు కాదు.

చెన్నై లాంటి ఊళ్లో అసలు శత్రువు ఉప్పుగాలి. తోలు ఒర చెమ్మను పీల్చుకుంటుంది, తోలును పదును చేసే రసాయనాలు ఉక్కును తింటాయి. అందుకే తుపాకీని ఒరలోనే పెట్టి బీరువాలో దాచడం మంచిది కాదు. తూటాల మీద నూనె పూస్తే అది సన్నని సందుల్లోంచి, మందును అంటించే ప్రైమర్‌లోకి దిగి దాన్ని చంపేయవచ్చు. ఏళ్ల తరబడి కాల్చని, నెలకోసారైనా తుడవని ఇంట్లో అలాంటి పాత తూటాలే ఉంటాయి కాబట్టి, అక్కడ రెండోసారి నొక్కితే మరో తూటా వచ్చే రివాల్వరే నయం. వారం వారం సాధన చేసేవారికి, మ్యాగజైన్లను తరచుగా పరీక్షించి అలసిన స్ప్రింగులను మార్చేవారికి ఆ మొగ్గు మిగలదు. మ్యాగజైన్ స్ప్రింగు తూటాలు నింపి ఉంచడం వల్ల పెద్దగా బలహీనపడదు. మళ్లీ మళ్లీ నింపి ఖాళీ చేయడం వల్ల అలసిపోతుంది.