కుంగుతున్న దీవిలో మెత్తని పీతలు

అమెరికాలోని వర్జీనియా రాష్ట్రానికి చెందిన టాంజియర్ దీవి చెసపీక్ అఖాతం మధ్యలో ఉంటుంది. 2020 జనాభా లెక్కల ప్రకారం అక్కడున్నది 436 మంది. సందుల్లాంటి రోడ్ల మీద గోల్ఫ్ బండ్లు, సైకిళ్లే ఎక్కువ. పొడినేల కరువు కావడంతో చాలా ఇళ్ల వాకిట్లోనే పెద్దల సమాధులు కనిపిస్తాయి. ఊరు బతికేది ముఖ్యంగా నీలి పీత మీద.

అందులోనూ మెత్తని పీతకు గిరాకీ ఎక్కువ. గట్టి డిప్ప సాగదు కాబట్టి పీత పెరగాలంటే దాన్ని వదిలించుకోవాల్సిందే. పాత డిప్ప కింద కొత్తది పలచగా తయారయ్యాక, వెనకవైపు చీల్చుకుని వెనక్కి జరుగుతూ బయటికొస్తుంది. వెంటనే నీళ్లు పీల్చుకుని దాదాపు మూడో వంతు పెద్దదవుతుంది. కొన్ని గంటల్లో కొత్త డిప్ప బిగుసుకోవడం మొదలవుతుంది. ఆలోపే దాన్ని నీటిలోంచి తీసేస్తే ఇక గట్టిపడదు, కాళ్లతో సహా వేయించుకుని తినొచ్చు.

ఆ ఘడియ ఎప్పుడొస్తుందో పీత వెనక కాలే చెబుతుంది. ఈదడానికి తెడ్డులా చదునుగా ఉండే ఆ కాలి అంచున సన్నని గీత కనిపిస్తుంది. తెల్లగా ఉంటే ఇంకా వారం పైనే పడుతుంది. గులాబీ రంగుకొస్తే వారం లోపు. ఎర్రబడితే ఒకటి నుంచి మూడు రోజులు. ఇలాంటి పీతలను ‘పీలర్’ అని, డిప్ప చీలడం మొదలైతే ‘బస్టర్’ అని అంటారు. రేవులో గుంజల మీద కట్టిన పాకల్లో, నీళ్లు పారే తొట్లలో వీటిని ఉంచి, కొన్ని గంటలకోసారి వచ్చి చూస్తుంటారు. సీజన్‌లో నిద్ర మీద ఆశ వదులుకోవాల్సిందే.

అంత నిశితంగా చూసే ఈ మనుషుల కాళ్ల కిందే నేల పోతోంది. 1850 నుంచి చూస్తే మూడింట రెండు వంతుల నేల నీళ్లపాలైంది. 2015లో వచ్చిన ఒక అధ్యయనం, ఊరు మరో యాభై ఏళ్లలోపే ఖాళీ చేయాల్సి రావచ్చని అంచనా వేసింది. అలల కోతే కారణమని చాలామంది దీవివాసులు, సముద్రమట్టం పెరగడమని శాస్త్రవేత్తలు అంటారు. నాకైతే ఇది అనవసరపు తగువనిపిస్తుంది. కోసేది అలే, కానీ నీటిమట్టం పెరిగేకొద్దీ అదే అల ఇంకా లోపలికొస్తుంది.

పైగా నేల కూడా దిగుతోంది. దాదాపు 20 వేల ఏళ్ల కిందట ఉత్తరాన కిలోమీటర్ల మందాన మంచు పేరుకుంది. పరుపు మీద ఒకరు కూర్చుంటే పక్కభాగం ఉబ్బినట్టు, ఆ బరువుకు చెసపీక్ ప్రాంతం పైకి లేచింది. మంచు కరిగిపోయి వేల ఏళ్లయినా, ఆ ఉబ్బు ఇప్పటికీ సర్దుకుంటూనే ఉంది. భూగర్భజలం తోడేయడం దానికి తోడైంది. దక్షిణ చెసపీక్‌లో నీరు పెరిగినట్టు కనిపించే దాంట్లో సగానికి పైగా నేల కుంగడం వల్లే.

దీవిలో విమానాలు దిగే రన్‌వే వైపు 1989లో రాతిగోడ, రేవు ముఖాన 2020లో మరో రాతికట్ట వచ్చాయి. అవి అలలను ఆపుతాయి గానీ కుంగుడును ఆపలేవు. దీవి పోతే ఇళ్లతో పాటు పీతలకూ ఇబ్బందే. డిప్ప వదిలిన పీతకు కొరికే శక్తి, పరుగెత్తే శక్తి ఉండవు. తక్కువ లోతు నీటి అడుగున పెరిగే గడ్డిలో దాక్కుంటుంది. అలల దెబ్బకు దీవి అడ్డు నిలిచినంత కాలమే ఆ చాటున గడ్డి నిలదొక్కుకోగలదు.