81లో దాగిన అయిదు స్వరాలు

చిరంజీవులైన మనవలకు,

తాతయ్య ఆశీస్సులు. మొన్న ఫోన్‌లో అడిగారు కదా, చైనా పాట మన మోహన రాగంలా ఉందేమిటని. మీ చెవి సరిగ్గానే పట్టింది. వాళ్ల గోంగ్, షాంగ్, జ్యుయే, ఝీ, యూలను మన స, రి, గ, ప, ద అనుకోవచ్చు. మ, ని ఉండవు. కీబోర్డు మీద మూడు నల్ల మెట్లు పక్కపక్కన ఉన్నచోట మొదటిదాన్ని స అనుకుని, నల్లవి మాత్రమే వాయించండి. అవే పలుకుతాయి.

ఈ అయిదే ఎలా వచ్చాయంటే, ‘గువాన్‌జి’ అనే పాత చైనా గ్రంథంలో ఒక లెక్క ఉంది. పెన్సిల్ తీసుకోండి. తీగ పొడవు 81 అనుకోండి, అది స. మూడో వంతు, అంటే 27, కలిపితే 108. తీగ పొడవు పెరిగితే స్వరం దిగుతుంది కాబట్టి అది కింది ప. 108లో మూడో వంతు తీసేస్తే 72, రి. మళ్లీ కలిపితే 96, కింది ద. మళ్లీ తీసేస్తే 64, గ. ఇప్పుడు 64ని మూడుతో భాగించండి. శేషం మిగులుతుంది! 81లో కిటుకంతా అదే, సరిగ్గా నాలుగు అడుగులు వేయనిస్తుంది. లెక్కలంటే టెన్షన్ పడే మన చిన్నవాడికి ఇది చూపించండి.

అలాగని వాళ్లకు అయిదే తెలుసనుకునేరు. 1978లో హుబే రాష్ట్రంలో జెంగ్ అనే పాత రాజ్యాన్ని ఏలిన ‘యీ’ అనే పాలకుడి సమాధి నుంచి 65 కంచు గంటలు తీశారు. క్రీ.పూ. 5వ శతాబ్దం నాటివి. దాదాపు ప్రతి గంటనూ మధ్యలో కొడితే ఒక స్వరం, పక్కన కొడితే ఇంకోటి. పన్నెండు స్వరస్థానాలూ వాటిలో దొరుకుతాయి.

గుజెంగ్ అనే వాద్యానికి సాధారణంగా 21 తీగలు. అన్నిటినీ ఈ అయిదు స్వరాలకే శ్రుతి చేస్తారు. మరి మ కావాలంటే? కుడిచేత్తో గ తీగను మీటి, గుర్రానికి (తీగ కింద నిలబెట్టే ఆనుడు బిళ్లకు) ఎడమవైపు అదే తీగను ఎడమచేత్తో అదుముతారు. తీగ బిగిసి స్వరం పైకి జారుతుంది. వీణ మీద తీగ లాగినట్టే.

ఇంకో తమాషా. అవే అయిదు స్వరాల్లో ‘రి’ను స అనుకుంటే మధ్యమావతి రాగం, ‘గ’ను అనుకుంటే హిందోళం, ‘ప’ను అనుకుంటే శుద్ధ సావేరి. మనం గ్రహభేదం అంటాం. వాళ్లూ ఏ స్వరం ఆధారమైతే ఆ పేరుతోనే పిలుస్తారు. గమకాలు వేరు కాబట్టి అచ్చం మన రాగమే అని మాత్రం వాదించకండి.

శ్రుతి తప్పి పాడేవాళ్లను చైనాలో ‘అయిదు స్వరాలూ పూర్తిగా లేనివాళ్లు’ అంటారట. ఈ మాట నాయనమ్మ దాకా వెళ్లనివ్వకండి. రేపు నేను స్నానానికి వెళ్లగానే తలుపు బయటి నుంచి వినిపిస్తుంది.

మీ తాతయ్య